నాలుగేళ్లుగా పళ్ల డాక్టర్ దగ్గరికి టెన్స్ మెషీన్ పట్టుకెళ్తున్నాను

చిగుళ్లలో గుచ్చే సూదికి భయపడి రెండు పిప్పిపళ్లను ఏళ్ల తరబడి అలాగే వదిలేశాను. నడుం నొప్పికి టెన్స్ (చర్మం మీద అంటించిన ప్యాడ్ల గుండా సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే చిన్న మెషీన్) వాడుతున్నానని మాటల్లో చెప్తే మా డెంటిస్ట్ గారే, "లోతు లేని ఫిల్లింగే కదా, దాన్ని తీసుకురండి, చూద్దాం" అన్నారు. ఆ రెండు ఫిల్లింగులూ, ఏటా చేయించే క్లీనింగూ దాంతోనే అయ్యాయి.

ఒక ప్యాడ్ చెవి ముందు, ఇంకోటి పెదవి మూల కింద గడ్డం మీద అంటిస్తారు. 100 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి వంద సార్లు కరెంటు కొట్టేలా పెట్టి, చీమలు పాకినట్టు జుమ్మనేదాకా మెల్లగా పెంచాలి. ఈ జుమ్మనడం నొప్పి కబురు మెదడుకి పోకుండా వెన్నుపాము దగ్గరే గేటు వేసినట్టు ఆపుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు, ముఖం నరాలదీ దాదాపు అదే దారి. అదంతా అలా ఉంచితే నాకు నచ్చింది వేరే, మీట నా చేతిలో ఉంటుంది. డ్రిల్ జివ్వుమనగానే కాస్త పెంచుకుంటాను, కాసేపటికి చర్మానికి అలవాటైపోయి ఏమీ తెలియకపోతే మళ్లీ కొంచెం, మరీ పెంచితే మాత్రం బుగ్గ కండ అదురుతుంది, అప్పుడు డాక్టర్‌కి పని చేయడం కష్టం. డ్రిల్ మొదలుకాకముందే ఓ పది నిమిషాలు ఆన్‌లో ఉంచాలి, మొదటిసారి అది తెలియక ఇబ్బంది పడ్డాను. మూతి మొద్దుబారదు కాబట్టి పని కాగానే మామూలుగా మాట్లాడొచ్చు.

నొప్పి పూర్తిగా పోదు. నా లెక్కలో సగానికి పైగా తగ్గుతుంది, అంతే. గెడ్డం ఉన్నా, చెమట పట్టినా ప్యాడ్ ఊడుతుంది, జెల్ ఎండితే సూదుల్లా పొడుస్తుంది, అందుకే ప్యాడ్లు తరచూ మార్చాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు, మెడ ముందు భాగంలో ఎవరూ అంటించుకోవద్దు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

పోయినేడు ఇంకో క్లినిక్‌లో రూట్ కెనాల్‌కి కూడా ఇదే చాలన్నారు, నేనూ నమ్మాను. నరం దగ్గరికి వచ్చేసరికి ప్రాణం పోయినంత పనైంది, మెషీన్ ఎంత పెంచినా లాభం లేదు. చివరికి ఇంజెక్షనే చేయించుకున్నాను, అది ముందే చేసి ఉండాల్సింది. పన్ను పీకడానికైనా, రూట్ కెనాల్‌కైనా దీన్ని నమ్ముకోకండి. ఆ రోజు ఇది పనికొచ్చింది ఇంటికొచ్చాకే, గంటసేపు నోరు తెరిచి పట్టేసిన దవడకి.