టీఎంసీ-1లో హైడ్రోకార్బన్ల వేట: గ్రీన్ బ్యాంక్ మేలా, యెబెస్ మేలా?

వృషభ రాశి దిక్కున, మనకు దాదాపు 430 కాంతి సంవత్సరాల దూరంలో టీఎంసీ-1 అనే చీకటి మేఘం ఉంది. అక్కడ ఉష్ణోగ్రత 10 కెల్విన్ దరిదాపుల్లో, అంటే మైనస్ 263 డిగ్రీలు. అంత చలిలోనూ కర్బన వలయాలున్న హైడ్రోకార్బన్లు (కర్బనం, హైడ్రోజన్ మాత్రమే ఉన్న అణువులు), వాటి దగ్గరి చుట్టాలు పుష్కలంగా ఉన్నాయని ఈ మధ్యే తెలిసింది. తెలిపినవి ముఖ్యంగా రెండు టెలిస్కోపులు: అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని 100 మీటర్ల గ్రీన్ బ్యాంక్ డిష్, స్పెయిన్‌లో, గ్వాదలహారా దగ్గరున్న 40 మీటర్ల యెబెస్ డిష్.

చిలీలో 66 యాంటెనాల ఆల్మా టెలిస్కోపు ఉండగా వీటి గొడవెందుకని అడగొచ్చు. ఆల్మా చూపు చాలా సన్నం. నక్షత్రాలు పుట్టే వేడి గుండెలకు అది సాటిలేనిది కానీ, ఇలా విశాలంగా, పలచగా పరుచుకున్న వెలుగు దాని యాంటెనాల మధ్య జారిపోతుంది. పైగా చల్లని మేఘంలో పెద్ద అణువులు ఎక్కువగా సెంటీమీటరు తరంగాల్లోనే పలుకుతాయి. మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఇంకో కొసన ఉంది. అది సుమారు 1.5 గిగాహెర్ట్జ్‌కు దిగువన పనిచేస్తుంది కాబట్టి ఈ పనికి రాదు.

అసలు చిక్కు అణువులోనే ఉంది. అణువు గిరగిరా తిరుగుతూ రేడియో గీతలు (దానికే సొంతమైన పౌనఃపున్యాల దగ్గర వచ్చే సంకేతాలు) వెలువరించాలంటే దానిలో విద్యుదావేశం ఒక పక్కకు ఒరిగి ఉండాలి. బెంజీన్ అన్ని వైపులా సమానం, కాబట్టి రేడియోకు మూగ. అందుకే ఒక హైడ్రోజన్ బదులు సయానో గుంపు (కర్బనం, నైట్రోజన్ జంట) తగిలించుకున్న బెంజోనైట్రైల్‌ను వెతికారు. గ్రీన్ బ్యాంక్‌తో అది 2018లో దొరికింది. బెంజీన్ ఉందనడానికి ఇది పరోక్ష సాక్ష్యమే.

అణువు పెరిగేకొద్దీ దాని వెలుగు వేల గీతలకు పంచుకుపోయి, ఏ ఒక్క గీతా రొదలోంచి పైకి రాదు. గ్రీన్ బ్యాంక్‌తో పనిచేసే గోథమ్ బృందం దీనికి పట్టిన దారి: ప్రయోగశాలలో కొలిచిన పౌనఃపున్యాల ప్రకారం ఆ గీతలన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి కలపడం. భజనలో ఒక్కో గొంతూ వినబడకపోయినా అందరూ ఒకేసారి పల్లవి అందుకుంటే వీధి చివరిదాకా వినిపించినట్టు. 2021లో సయానోనాఫ్తలీన్లు, 2024లో సయానోపైరీన్, 2025లో సయానోకొరొనీన్ ఇలాగే బయటపడ్డాయి. కొరొనీన్ అంటే ఏడు వలయాలు! ఒప్పుకోవాల్సిందే, ఇది మామూలు పని కాదు. కానీ ఈ పద్ధతికి దేన్ని వెతుకుతున్నామో ముందే తెలియాలి. ల్యాబ్ కొలతలు లేని అణువును పేర్చలేం. పైగా మధ్యలో వేరే అణువు గీత దూరితే దాన్ని ఏరి పారేయాలి.

యెబెస్‌లోని కిహోటే సర్వే తీరు వేరు. 31 నుంచి 50 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీనంతా గుండుగుత్తగా, వెయ్యి గంటలకు పైగా చూస్తుంది. రేడియో సంకేతాల బలాన్నీ కెల్విన్లలోనే కొలుస్తారు; రొద మిల్లీకెల్విన్‌లో పదో వంతుకు చేరేసరికి గీతలు దేనికదే కనబడతాయి. పౌనఃపున్యాన్ని అటూ ఇటూ మార్చి చూసే పద్ధతి వల్ల ప్రతి గీత పక్కనా దొంగ గుంటలు పడతాయి. అందుకే రెండు వేర్వేరు మార్పులతో చూసి, కదిలిపోయే గుంటల్ని పట్టేస్తారు. 2021లో సైక్లోపెంటాడయీన్ (ఒక వలయం), ఇండీన్ (రెండు వలయాలు) ఇక్కడ కనిపించాయి, సయానో ఊతకర్ర లేకుండానే. ఇండీన్‌ను గోథమ్ కూడా అదే ఏడాది ప్రకటించింది. ఇంకా నచ్చేది C5H+ (ఐదు కర్బనాలు, ఒక హైడ్రోజన్ ఉన్న ధనావేశ అయాన్) కథ. ఎవరిదో తెలియని గీతలు వరసగా, ఒకే లయలో కనిపించాయి. క్వాంటం లెక్కలతో పోల్చి 2022లో దాని పేరు చెప్పగలిగారు. అడగని అణువును పేర్చే పద్ధతి ఇలా పట్టదు.

అసలుసిసలు హైడ్రోకార్బన్లు, ముఖ్యంగా ఒకటి రెండు వలయాలవి కావాలంటే నా ఓటు యెబెస్‌కే. ఒక్కో గీతను కళ్లారా చూపించే సాక్ష్యం మీద వాదన తక్కువ. నాలుగు వలయాలు దాటాక మాత్రం పెద్ద అణువుల బలమైన గీతలు ఇంకా కింది పౌనఃపున్యాలకు జారిపోతాయి. యెబెస్ పట్టీ 31 గిగాహెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి, 8 గిగాహెర్ట్జ్ నుంచీ వినే గ్రీన్ బ్యాంక్‌ను అక్కడ ఆశ్రయించక తప్పదు.