ఒక పక్క కోర్లే కాగుతుంటే: పేస్ట్ మార్చడమా, కూలర్ కొనడమా?

చీమకుర్తిలో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడికి వేసవిలో రెండు టెన్షన్లు: ఒకటి ఎండ, రెండోది గ్రానైట్ దుమ్ము. పోయిన మే నెలలో మూడోది తోడైంది. రెండర్ (ఎడిట్ చేసింది ఫైనల్ వీడియోగా తయారుచేయడం) పెట్టగానే నా కంప్యూటర్ ప్రాసెసర్‌లో పని చేసే ఆరు భాగాల్లో, అంటే ఆరు కోర్లలో, నాలుగు 75 డిగ్రీల దగ్గర ఆగితే, ఒక పక్కనున్న రెండూ 90 దాటేవి. "కూలర్ మార్చెయ్ అబ్బాయ్, సరిపోద్ది" అన్నాడు ఒంగోలులో తెలిసిన షాపాయన. గదిలో పెట్టేది కాదు, ప్రాసెసర్ మీద బిగించి దాని వేడి లాగేసే కూలర్.

ఏమీ చెయ్యకుండా వదిలేయడం కూడా ఒక దారే. కోర్ల మధ్య ఐదు, పది డిగ్రీల తేడా మామూలే. మధ్యలో ఇరుక్కున్న కోర్‌కు రెండు పక్కలా వేడే, పైగా పని అన్ని కోర్లకూ సమానంగా పడదు. వేడి కొలిచే సెన్సర్లు కూడా ప్రాసెసర్ తట్టుకునే వేడి హద్దుకు దగ్గరైతేనే కాస్త నికరంగా చెబుతాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి 36, ఇంకోటి 43 చూపిస్తే పట్టించుకోనక్కర్లేదు. పది నిమిషాలు ఫుల్ లోడ్ పెట్టి చూసిందే లెక్క.

నాది పదిహేను దాటింది కాబట్టి వదల్లేదు. అలాగని కూలరూ కొనలేదు. పెద్ద కూలర్ పెడితే కోర్లన్నీ కలిసి కిందికి దిగుతాయి గానీ, వాటి మధ్య తేడా చాలావరకు అలాగే ఉంటుంది. ఒక పక్కే కాగుతోందంటే ముందు అనుమానించాల్సింది కూలర్ సరిగ్గా కూర్చుందా లేదా అని.

విప్పి చూస్తే అదే. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటడానికి పూసే పేస్ట్ ఒక పక్క పల్చగా పరుచుకుంది, రెండో పక్క మందంగా, అట్టు పిండిలా ముద్దగట్టింది. కూలర్‌ను బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఆ మూలది బోర్డులోకి దిగనే లేదు. వేలు పెడితే కదులుతోంది! పాత పేస్ట్ తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టి, పిన్నులు ఎదురెదురు మూలలవి జతగా టక్కుమనేదాకా నొక్కాను. మళ్లీ రెండర్ పెడితే తేడా ఆరు డిగ్రీలే. ఖర్చు చిన్న పేస్ట్ ట్యూబ్.

పేస్ట్ మార్చాక కూడా కోర్లన్నీ కలిసి 90 దాటుతుంటే అప్పుడు కూలర్ కొనండి, అదీ కేబినెట్‌లో దుమ్ము ఊదించాకే. ల్యాప్‌టాప్ అయితే మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

కూలర్‌కని తీసిపెట్టిన డబ్బులతో నేను ఎస్ఎస్‌డీ కొన్నాను.