సిమ్యులేషనా, సోల్డరింగా?

భీమవరంలో మూడో సంవత్సరం విద్యార్థులకు బక్ కన్వర్టర్ (ఎక్కువ డీసీ వోల్టేజిని తక్కువ చేసే సర్క్యూట్) నేర్పడానికి దారులు రెండు. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ అయితే ఏదీ కాలదు. 12 వోల్టులను 5 చేయాలంటే డ్యూటీ, అంటే స్విచ్ ఆన్‌లో ఉండే సమయపు వాటా, 42 శాతం దగ్గర పెడితే చాలు, లెక్క సరిపోతుంది. అదే సోల్డర్ చేసిన బోర్డు మీద డయోడ్ వోల్టేజిలో తన వాటా తినేస్తుంది, 5 రాదు. వేడెక్కిన మాస్‌ఫెట్ (స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్) మీద వేలు పెట్టి చటుక్కున తీసిన కుర్రవాడికి స్విచింగ్ నష్టాల (ఆన్, ఆఫ్ అయ్యే ప్రతిసారీ వేడిగా పోయే శక్తి) గురించి మళ్లీ చెప్పనక్కరలేదు. వోల్టేజిని తరంగంగా చూపే ఆసిలోస్కోప్‌లో అంచుల దగ్గర వణికే తరంగాన్ని చూసి "ఇది పుస్తకంలో లేదే!" అంటారు.

నా ఓటు బోర్డుకే. రొయ్యల చెరువు ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ డ్రైవ్ విషయంలో మాత్రం ముందు సిమ్యులేషనే. 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటును డీసీగా మారిస్తే దాదాపు 587 వోల్టులు. సరఫరా ఆపినా కెపాసిటర్లలో కాసేపు పొంచి ఉంటాయి.