నడుము బెల్టు నుంచి బోర్లా వ్యాయామం దాకా: డిస్కు జారాక నేను వాడినవి, నిలబడినవి

నాకు జారింది నడుము కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు. ఎడమ పిరుదు దగ్గర మొదలైన నొప్పి తొడ మీదుగా పిక్క బయటి వైపుకు దిగి బొటనవేలి దాకా లాగేది. తుమ్మినా దగ్గినా కాలంతా జివ్వుమనేది. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పాఠం చెబుతూ నిలబడినప్పటి కంటే జవాబు పత్రాలు దిద్దుతూ వంగి కూర్చున్నప్పుడే ఎక్కువ బాధపడ్డాను. ఆపరేషన్ లేకుండానే తేరుకున్నాను. ఆ క్రమంలో ఇంట్లోకి వచ్చిన వస్తువులు, మందులు, వ్యాయామాలు ఏళ్ల తరబడి నాతోనే ఉన్నాయి కాబట్టి వాటి గురించి ధైర్యంగా చెప్పగలను.

ముందు కొలబద్ద. మా ఫిజియోథెరపిస్టు మొదటి రోజే ఒక మాట చెప్పారు: "నొప్పి ఎంత ఉందని కాదమ్మా, ఎక్కడి దాకా ఉందో చూసుకోండి." పాదంలో ఉన్నది పిక్కకు, పిక్కలోది తొడకు, తొడలోది నడుముకు ఎక్కుతుంటే, నడుము మరికాస్త నొచ్చినా సరే, దారి సరైనదే. నడుము తేలికపడి కాలి నొప్పి కిందికి దిగుతుంటే మాత్రం చేస్తున్న పని ఆపేయాలి. నేను వాడిన ప్రతిదాన్నీ ఈ లెక్కతోనే తూచాను.

బెల్టు సంగతి. వెనక వైపు బద్దలు, ముందు రెండు పొరల పట్టీ ఉండే రకం నాది. కట్టుకోగానే ధైర్యం వస్తుంది, అది నిజం. బస్సు కుదుపుల్లో, పెళ్లిళ్లలో గంటలకొద్దీ నిలబడాల్సినప్పుడు, పరీక్షల డ్యూటీ రోజుల్లో నన్ను కాపాడింది. వంగబోతే ఆపుతుంది. దాని అసలు ఉపయోగం అదే. అయితే కాలి నొప్పిని అది ఒక్క అంగుళం కూడా పైకి జరపలేదు. కూర్చుంటే పై అంచు పక్కటెముకలకు ఒత్తుకుంటుంది. మన ఎండల్లో లోపల చెమట పట్టి దద్దుర్లు వస్తాయి కాబట్టి పలుచని నూలు బనియను మీద కట్టుకోవాలి. కొలత చీర కట్టు దగ్గర కాకుండా బొడ్డు దగ్గర తీసుకోవాలి. పట్టీ అంటుకునే గుణం పోయాక దాన్ని ఇంకా బిగించి లాగడం వృథా, మార్చేయాలి. ఇంట్లో ఉన్నంతసేపూ కట్టుకుని తిరిగేవాళ్లను చూశాను. అది వద్దు. నడుమును పట్టి ఉంచాల్సిన పని కండరాలది.

వేడినీళ్ల సంచి రాత్రిపూట బిగుసుకున్న నడుము కండరాలను సడలించి నిద్ర పట్టించేది. కాలిలోకి దిగే నరం నొప్పికి ఏమీ చేయలేదు. ట్రాక్షన్, అంటే బరువు కట్టి నడుమును సాగదీయడం, కూడా అంతే. బరువు వేలాడుతున్నంతసేపూ సుఖం, బల్ల దిగగానే మామూలే. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ మాత్రలు నన్ను పగలంతా మత్తులో ఉంచాయి. సయాటికాకు, అంటే ఇలా నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పికి, ఆ మందు ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ కాదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఒక పరీక్షలో తేలింది. అలాగని ఎవరూ ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

నన్ను నిలబెట్టింది చాప మీద బోర్లా పడుకోవడం. మొదట ఊరికే బోర్లా, తర్వాత మోచేతుల మీద లేచి, ఆ తర్వాత అరచేతులు ఆనించి ఛాతీని పైకెత్తడం. భుజంగాసనానికి దగ్గరగా ఉంటుంది కానీ ఇక్కడ నడుమును, పిరుదులను పూర్తిగా వదులుగా వదిలేసి చేతులతోనే లేవాలి. దీని వెనక ఉన్నది న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ. 1956లో ఆయన దగ్గరికి వచ్చిన రోగి ఒకరు తల వైపు ఎత్తుగా ఉన్న మంచం మీద అనుకోకుండా బోర్లా పడుకుని, కాసేపటికి కాలి నొప్పి పోయిందన్నారట. నాకు అంత వేగంగా ఏమీ జరగలేదు. రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా చేస్తూ పోతే వారాల మీద నొప్పి పాదాన్ని వదిలింది, తర్వాత పిక్కను వదిలింది. ఇది అందరికీ సరిపడదు. వెన్ను నాళం (వెన్నెముకలో నరాలు వెళ్లే దారి) ఇరుకైన పెద్దవాళ్లకు వెనక్కి వంగితే బాధ పెరుగుతుంది. కాబట్టి మొదటిసారి నిపుణుల ఎదుటే చేసి, నొప్పి ఎటు జరుగుతోందో చూసుకోవాలి.

దాంతోపాటు నడక. మంచం పట్టమని చెప్పేవాళ్లు ఎక్కువే కానీ, సయాటికాలో మంచాన ఉండటం వల్ల అదనపు లాభం లేదని 1999 నాటి నెదర్లాండ్స్ అధ్యయనం చెప్పింది. మొదట వీధి చివరిదాకా, ఆపైన చెరువు గట్టు దాకా నడిచాను. పొద్దున్న లేచిన మొదటి గంట వంగకుండా ఉండటం కూడా బాగా పనిచేసింది. రాత్రంతా డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది, ఆ వేళ వంగితే దానిపై ఒత్తిడి ఎక్కువ. ముగ్గు, బకెట్లు ఎత్తడం కొన్నాళ్లు మావారి పనులయ్యాయి.

పరుపు విషయంలో పెద్దల సలహా, చెక్క బల్ల మీదో నేల మీదో పడుకోమని. స్పెయిన్‌లో 2003లో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిపై జరిగిన పరీక్షలో బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నదే మేలని తేలింది. నా అనుభవమూ అదే. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే హాయి. ఎవరో పుత్తూరు కట్టు వేయించుకోమన్నారు. అది ఎముకలు విరిగితే వేసే కట్టు, ఇక్కడ విరిగిందేమీ లేదు.

ఎమ్మారై రిపోర్టులోని పదాలు చూసి కుంగిపోతున్నవారికి ఒక్క విషయం మనసారా చెప్పాలి. ఏ నొప్పీ లేనివారి స్కానింగులను పోల్చి చూసిన 2015 సమీక్షలో ఇరవై ఏళ్లవారిలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. బయటికి వచ్చిన ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకోవడం కూడా తరచుగా జరిగేదే. కాగితం మీద ఉన్నదంతా మీ భవిష్యత్తు కాదు.

ఇప్పుడు నాకు కాలి నొప్పి లేదు. బొటనవేలి పైన కొంచెం మొద్దుబారినతనం మిగిలింది. ఎక్కువసేపు కూర్చుంటే నడుము గుర్తుచేస్తుంది, లేచి నాలుగడుగులు వేస్తాను. బెల్టు ప్రయాణాల సంచిలో ఉంటుంది.

పైన చెప్పిన కొలబద్ద పనికిరాని సందర్భం ఒకటుంది. నొప్పి తగ్గుతూ పాదం బలం కూడా తగ్గుతుంటే, నడుస్తుంటే చెప్పు జారిపోతుంటే, మడమల మీద నిలబడి వేళ్లు పైకెత్తలేకపోతుంటే అది కోలుకోవడం కాదు, నరం దెబ్బతింటోందని అర్థం. వెంటనే డాక్టరుకు చూపించాలి. మూత్రం రాకపోయినా, అదుపు తప్పినా, మలవిసర్జనపై పట్టు పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ పూటే వెన్నెముక ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లండి.