విదేశీ సబ్సిడరీల కంప్లయన్స్: దేశానికో ఫర్మ్ మంచిదా, అన్నిటికీ ఒకే ఏజెన్సీ మంచిదా?

హైదరాబాదులో మాతృసంస్థ, దాని సబ్సిడరీలుగా, అంటే అనుబంధ కంపెనీలుగా, అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఒక కార్పొరేషన్, యూకేలో ఒక లిమిటెడ్, సింగపూర్‌లో ఒక ప్రైవేట్ లిమిటెడ్. మధ్యతరహా ఐటీ, ఫార్మా కంపెనీల్లో మామూలుగా కనిపించే అమరికే. ఇలాంటి చోట పనిచేసే సీఎస్‌లు (కంపెనీ సెక్రటరీలు) మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే: ఏ దేశం కంప్లయన్స్ పని, అంటే చట్టప్రకారం అక్కడ వెయ్యాల్సిన ఫైలింగ్‌ల పని, ఆ దేశపు ఫర్మ్‌కి ఇవ్వాలా, మొత్తం ఒక గ్లోబల్ ఏజెన్సీకి అప్పజెప్పాలా?

సాధారణంగా కొటేషన్లు తెప్పించి ఫీజులు పోలుస్తారు, తర్వాత గడువులు ఎవరు బాగా గుర్తుచేస్తారో చూస్తారు. డెలావేర్ యాన్యువల్ రిపోర్టుకి మార్చి 1, యూకే అకౌంట్లకి ఏడాది ముగిశాక 9 నెలలు, సింగపూర్ యాన్యువల్ రిటర్న్‌కి 7 నెలలు. ఈ తేదీలకి ఒక ఎక్సెల్ షీటు చాలు. కొంప ముంచేవి ఏడాది మధ్యలో వచ్చే మార్పులు.

మూడు బోర్డుల్లోనూ ఉన్న డైరెక్టర్ ఒకాయన రాజీనామా చేశాడనుకోండి. ఆ మెయిల్ వచ్చేది హైదరాబాదులో ఎండీ ఇన్‌బాక్స్‌కి. యూకేలో డైరెక్టర్ తప్పుకున్నట్టు తెలిపే టీఎం01 ఫారం వెయ్యడానికి 14 రోజులే టైము. సింగపూర్ రిజిస్ట్రీ అక్రాకీ 14 రోజుల్లోనే తెలపాలి. పైగా అక్కడ నివాసముండే డైరెక్టర్ ఆయనొక్కడే అయితే, ఇంకొకరిని వేసేదాకా ఆ రాజీనామా చెల్లదు. డెలావేర్ పట్టించుకోదు, వచ్చే మార్చి రిపోర్టులో కొత్త పేర్లు రాస్తే సరి. అక్కడి బ్యాంకు మాత్రం ఊరుకోదు.

ఆయన స్థానంలో వచ్చేవారికి 2025 నవంబర్ 18 నుంచి యూకేలో గుర్తింపు ధ్రువీకరణ తప్పనిసరి. మన పేర్ల తంటా ఇక్కడ మొదలవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరం, సింగపూర్ రికార్డులో అదే ఇంటిపేరు చివర. ఒకే మనిషి కాగితాల మీద ముగ్గురవుతాడు. పాస్‌పోర్టులో ఉన్న పేరే ప్రామాణికమని మొదటి నియామకం రోజే తేల్చి, అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా అదే వాడాలి.

కాబట్టి నా లెక్కలో తేల్చాల్సింది ఇది: హైదరాబాదులో పుట్టిన కబురు ఫైలింగ్ చేసే మనిషి చేతికి ఎన్ని మెట్లు దిగి చేరుతుంది?

దేశానికో ఫర్మ్ ఉంటే ఒకే మెట్టు. మెయిల్ పెడితే సంతకం పెట్టే మనిషే చదువుతాడు. మూడింట్లో ఒకరికి చెప్పడం మరిచిపోతే గుర్తుచేసే దిక్కు ఉండదు, అదే దీని లోపం. ఏజెన్సీకైతే ఒక్క టికెట్ చాలు, రిజిస్టర్లన్నీ ఒకే చోట ఉంటాయి. అయితే అకౌంట్ మేనేజర్ నుంచి ఆ దేశపు డెస్కుకీ, అక్కడి నుంచి చాలాసార్లు ఒక సబ్‌ఏజెంటుకీ పని జారుతుంది. 14 రోజుల్లో సగం అలా దారిలోనే కరిగిపోతుంది. వార్షిక ప్యాకేజీలో ఇలాంటి మార్పులు లేవంటూ వేరే బిల్లు కూడా వస్తుంది. ఒప్పందంలో ‘పరిధి వెలుపలి పనులు’ అన్న పేజీ ముందు చదవండి.

రెండు పద్ధతుల్లోనూ సందుల్లో పడిపోయే పనులున్నాయి. డెలావేర్‌లో కంపెనీ తరఫున నోటీసులు అందుకునే రిజిస్టర్డ్ ఏజెంటు, ఆ రాష్ట్రం ఏటా కంపెనీల మీద వేసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ నోటీసు పంపుతాడు. విదేశీ యజమానికి 25 శాతమో అంతకు మించో వాటా ఉంటే అమెరికా పన్ను శాఖకి వెయ్యాల్సిన ఫారం 5472 ఆయన పని కాదు, అది సీపీఏ (అక్కడి చార్టర్డ్ అకౌంటెంటు లాంటివాడు) చూడాలి. వెయ్యకపోతే జరిమానా 25,000 డాలర్లు. ఆ ఫ్రాంచైజ్ నోటీసుకీ బెదిరిపోనక్కర్లేదు. కోటి ఆథరైజ్డ్ షేర్లుంటే (కంపెనీ జారీ చెయ్యడానికి అనుమతి ఉన్న షేర్లు) 85,165 డాలర్లు చూపిస్తుంది, షేర్ల సంఖ్యతో పాటు ఆస్తుల విలువనీ చూసే అస్యూమ్డ్ పార్ వేల్యూ పద్ధతిలో లెక్కిస్తే చిన్న కంపెనీకి కనిష్ఠంగా 400కి దిగవచ్చు.

ఇంకొకటి మన వైపుది. డెలావేర్ చట్టం ఆడిట్ అడగదు, సీపీఏ రిటర్న్ వేసి ఊరుకుంటాడు. కానీ మన నియంత్రణలో ఉన్న విదేశీ సంస్థకి డిసెంబర్ 31లోగా ఏడీ బ్యాంకు (విదేశీ మారకానికి ఆర్‌బీఐ అనుమతి ఉన్న బ్యాంకు) ద్వారా వెయ్యాల్సిన ఏపీఆర్, అంటే వార్షిక పనితీరు నివేదిక, 2022 నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల ప్రకారం, ఆడిట్ అయిన లెక్కల మీదే ఉండాలి. ఏపీఆర్ బాకీ పడితే, దాన్ని సరిచేసేదాకా ఆ సబ్సిడరీకి కొత్త పెట్టుబడి పంపనివ్వరు. ఈ సంగతి అమెరికా ఫర్మ్‌కి తెలియదు, ఏజెన్సీ అమెరికా డెస్కుకీ తెలియదు.

అందుకే నాలుగైదు దేశాల వరకు నా మొగ్గు స్థానిక ఫర్మ్‌ల వైపే. షరతు ఒకటి: హైదరాబాదులో ఒక మనిషి చేతిలో మాస్టర్ రిజిస్టర్ ఉండాలి, ఏ బోర్డు మార్పైనా ఆ మనిషిని దాటి పోకూడదు. అలాగని సింగపూర్ మినిట్స్ కూడా హైదరాబాదులోనే రాసెయ్యకండి. నిర్ణయాలు నిజానికి ఇక్కడే జరుగుతున్నాయని తేలితే, ఏడాది టర్నోవర్ 50 కోట్లు దాటిన విదేశీ సబ్సిడరీని పోయెమ్ నియమం (కంపెనీని నిజంగా నడిపే చోటు ఏదో చూసే పన్ను నియమం) కింద భారతీయ రెసిడెంటుగా లెక్కగట్టి పన్ను అడగవచ్చు. క్యాలెండరు ఇక్కడ, చర్చా సంతకమూ అక్కడ.

ఎనిమిది పది దేశాలు దాటితే ఏజెన్సీయే నయం, ఫర్మ్‌లని వెంబడించడమే ఒక ఉద్యోగమవుతుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొని ఊరుకుందామంటే, రిజిస్టరు అందంగా ఉంటుంది, ఫైలింగ్ మాత్రం జరగదు.

ఏది ఎంచుకున్నా, పాతవారికి నోటీసు ఇచ్చే ముందే యూకే కంపెనీ అథెంటికేషన్ కోడ్ (ఆన్‌లైన్ ఫైలింగ్‌కి పాస్‌వర్డ్ లాంటిది), సింగపూర్ రిజిస్టర్లు, డెలావేర్ స్టాక్ లెడ్జర్ (వాటాదారుల పద్దు) చేతికి తీసుకోండి. యూకే కోడ్ మళ్లీ కావాలంటే ఉత్తరం మామూలుగా రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకి వెళ్తుంది. ఆ చిరునామా చాలాసార్లు మీరు వదిలేస్తున్న ఏజెన్సీదే.