ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్: తరగతి గదిలో వాడి చూసిన తరువాత

హైదరాబాద్‌లోని ఒక కళాశాలలో ఎమ్మెస్సీ జీవరసాయన శాస్త్రం బోధిస్తున్న నేను, ప్రోటీన్ల వంటి జీవాణువుల త్రిమితీయ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ సమాచారాన్ని అందించే, అమెరికాకు చెందిన ఆర్‌సీఎస్‌బీ వెబ్‌సైట్‌ను కొన్నేళ్లుగా మా ప్రయోగశాల తరగతుల్లో విద్యార్థుల చేత వాడిస్తున్నాను. అంత పెద్ద శాస్త్రీయ భాండాగారం, దాని లోతుపాతులు తెలియని కొత్త విద్యార్థిని ఎలా లోపలికి ఆహ్వానిస్తుందో గమనించి రాస్తున్న సమీక్ష ఇది.

1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో 7 నిర్మాణాలతో మొదలైన ఈ బ్యాంకులో ఇప్పుడు 2 లక్షలకు పైగా నిర్మాణాలు ఉన్నాయి. అయినా మొదటి పేజీ మనల్ని లాగిన్ అడగదు, రుసుము అడగదు. పైభాగాన ఒక సెర్చ్ బాక్స్ ఉంటుంది. ప్రోటీన్ పేరు, మందు పేరు, పరిశోధకుని పేరు, ప్రతి నిర్మాణానికీ ఇచ్చిన నాలుగు అక్షరాల సంకేతం, వీటిలో మనకు ఏది తెలిస్తే దానినే అందులో టైపు చేయవచ్చు. టైపు చేస్తుండగానే ఆ మాట ఏయే విభాగాల్లో దొరుకుతుందో విడివిడిగా చూపి, మన ఉద్దేశాన్ని మనమే ఎంచుకునే వీలు కల్పిస్తుంది.

ఈ సౌకర్యం విలువ నాకు పూర్తిగా అర్థమైంది మరొక చోట ఇబ్బంది పడిన తరువాతే. ఒక సంస్థ తయారుచేసిన ఔషధ మొక్కల డేటాబేస్‌ను ఒక ఏడాది మా విద్యార్థులకు అప్పగించాను. తెరవగానే అది నమోదు సంఖ్య అడిగింది. ఆ సంఖ్య తెలియనివారికి వరుసగా మూడు డ్రాప్‌డౌన్‌లు ఎదురయ్యాయి. వాటిలోని పేర్లు ఆ డేటాబేస్‌ను నిర్మించినవారు తమ పట్టికలకు పెట్టుకున్న పేర్లే తప్ప వృక్షశాస్త్రం చదివినవారు వాడే మాటలు కావు. కాసేపు ఆలోచిస్తూ కూర్చుంటే లాగిన్ గడువు ముగిసి, అంతవరకు ఎంచుకున్నవన్నీ చెరిగిపోయేవి. ఫలితాల పేజీ చిరునామా అందరికీ ఒకటే కావడంతో, ఒకరికి దొరికిన మొక్క వివరాన్ని మరొకరికి లింకుగా పంపే దారి లేక పిల్లలు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపుకున్నారు. లోపలి సమాచారం మాత్రం ఎంతో శ్రమపడి సేకరించినది, నమ్మదగినది. అంత మంచి పంటను కోసి గాదెలో పోసి, తలుపు గడియ ఎక్కడుందో ఎవరికీ చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆర్‌సీఎస్‌బీలో ప్రతి నిర్మాణానికీ శాశ్వతమైన సొంత పేజీ ఉంది. దాని సంకేతమే చిరునామాలోనూ ఉంటుంది. మానవ హిమోగ్లోబిన్‌కు చెందిన 4హెచ్‌హెచ్‌బీ పేజీని బోర్డు మీద రాస్తే చాలు, ముప్పై మంది విద్యార్థులూ ఒకే చోటికి చేరుకుంటారు. పేజీలోని వరుస కూడా చదివేవారి సందేహాల వరుసలోనే సాగుతుంది: ఇది ఏ అణువు, ఏ జీవికి చెందినది, ఏ పద్ధతిలో, ఎంత స్పష్టతతో చూశారు, ఎవరు ఎప్పుడు ప్రకటించారు. ఆ తరువాతే అమైనో ఆమ్లాల గొలుసులు, వాటికి అంటుకున్న చిన్న అణువులు, ప్రయోగ వివరాలు వస్తాయి. లోతుగా వెళ్లదలచినవారికి ట్యాబులు వేరుగా ఉన్నాయి కనుక, అక్కరలేనివారికి ఆ బరువు తగలదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది నాణ్యతను చూపే పట్టీలను. నిర్మాణం ఎంత నమ్మదగినదో చెప్పే అడ్డపట్టీలు సారాంశం పేజీలోనే, బొమ్మకు దగ్గరలోనే కనిపిస్తాయి. ఎడమ చివర ఎరుపు, కుడి చివర నీలం. గుర్తు కుడివైపు ఉన్నకొద్దీ నిర్మాణం మేలైనది. రంగులు సరిగా గుర్తించలేనివారికి కూడా గుర్తు ఉన్న చోటును బట్టి విషయం అర్థమవుతుంది. ఒక్కొక్క పట్టీ మీద రెండు గుర్తులు ఉంటాయి: ఎక్స్-రే పద్ధతిలో చూసిన నిర్మాణమైతే, నిండు గుర్తు ఆ పద్ధతిలో చూసిన మొత్తం నిర్మాణాలతో పోల్చి, ఖాళీ గుర్తు వాటిలో అదే స్థాయి స్పష్టత ఉన్నవాటితో పోల్చి చెబుతాయి. ఈ పట్టీల్లో ఒకదానికి రామచంద్రన్ పేరు ఉంటుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ తన సహచరులతో కలిసి 1963లో ప్రకటించిన పటం ఆధారంగా, వంగకూడని కోణాల్లో వంగిన అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నాయో అది లెక్కిస్తుంది. తన సరుకులోని లోపాన్ని తానే ముందు పేజీలో పెట్టే డేటాబేస్ పట్ల విద్యార్థికి గౌరవం కలుగుతుంది, నాకు కలిగింది.

త్రిమితీయ దృశ్యం కోసం వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించుకోనవసరం లేదు. మోల్‌స్టార్ అనే వ్యూయర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. దీనితో నేను ప్రతి ఏటా చేయించే అభ్యాసం సికిల్ సెల్ హిమోగ్లోబిన్‌ది. దాని సంకేతమైన 2హెచ్‌బీఎస్ పేజీ తెరిచి, వ్యూయర్‌లో పైనున్న, ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఒక్కో అక్షరంతో చూపే వరుసలో బీటా గొలుసులోని 6వ స్థానాన్ని నొక్కమంటాను. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉందని తెలియడమే కాక, దృశ్యం తానే అక్కడికి దగ్గరగా వెళ్లి చుట్టుపక్కల ఉన్నవాటిని చూపుతుంది. ఆ వాలీన్లలో ఒకటి పొరుగు హిమోగ్లోబిన్ అణువులోని 85వ ఫీనైల్ అలనీన్, 88వ లూసీన్ మధ్య గుంటలో ఇమిడి, అణువులను ఒకదానికొకటి అతికించి పోగులుగా చేయడాన్ని తామే కనుగొన్నప్పుడు, ఎర్ర రక్తకణం కొడవలిలా ఎందుకు వంగుతుందో విద్యార్థులు నన్ను అడగరు, నాకే వివరిస్తారు. అక్షరానికీ ఆకృతికీ మధ్య ఒక్క నొక్కు దూరమే ఉండేలా అమర్చినవారికి బోధన అంటే ఏమిటో తెలుసు. మా ప్రయోగశాలలోని పాత కంప్యూటర్ల మీద రైబోజోమ్ వంటి భారీ నిర్మాణాన్ని తిప్పడం కష్టమే, కానీ అది మా యంత్రాల శక్తికి సంబంధించిన మాట. సారాంశం పేజీలో నిశ్చల చిత్రం ఎలాగూ ఉంటుంది.

అడ్వాన్స్‌డ్ సెర్చ్ సంగతి వేరు. అందులో ఎంచుకోవలసిన లక్షణాల పేర్లు చాలా ఎక్కువ; వాటి అర్థం తెలిసినవారికే అది ఉపయోగం. కొత్తవారికి నేను చెప్పే దారి ఇది: మామూలుగా వెతికి, ఫలితాల పక్కన ఎడమవైపు వచ్చే వడపోతలను వాడుకోవాలి. ప్రతి ఎంపిక పక్కనా దానికి ఎన్ని ఫలితాలు ఉన్నాయో అంకె కనిపిస్తుంది కాబట్టి, ఏమీ దొరకని చోటికి వెళ్లి వెనక్కి తిరగవలసిన పని ఉండదు. కంప్యూటర్ లెక్కించి ఊహించిన నమూనాలను కూడా ఇక్కడ వెతకవచ్చు. అయితే వాటిని చేర్చాలా వద్దా అన్న మీట వేరుగా ఉంది. ప్రయోగంలో చూసినదానికీ ఊహించినదానికీ మధ్య ఆ హద్దును అలా చెరగనివ్వకపోవడం సరైన పని.

పిల్లలకు ఉత్సాహం కలగాలంటే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కు ఇచ్చిన ఎంటీఎక్స్ అనే సంకేతంతో వెతకమనండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనల నుంచి వచ్చిన ఆ మందు ఏయే ప్రోటీన్లకు ఎలా అంటుకుంటుందో పేజీ తరువాత పేజీగా తెరుచుకుంటుంది.

నాకు ఒక కోరిక ఉంది. ఇదే బ్యాంకును జపాన్ నుంచి అందించే పీడీబీజే సైట్ జపనీస్, చైనీస్, కొరియన్ భాషల్లోనూ కనిపిస్తుంది. పీడీబీ-101 అనే బోధన విభాగంలో 2000 జనవరి నుంచి నెలకొక అణువును బొమ్మతో పరిచయం చేస్తున్నారు; కనీసం ఆ వ్యాసాలైనా తెలుగులో వస్తే, తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే ఈ సైట్‌లో స్వేచ్ఛగా తిరగగలుగుతారు. హబ్సిగూడలో జీవకణాలు, అణువులపై పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ ఉన్న నగరం మనది, ఆ పని చేయగలవారు ఇక్కడ ఉన్నారు.

కొత్త నిర్మాణాలు వారానికొకసారి, మన సమయం ప్రకారం బుధవారం ఉదయం 5:30 గంటలకు విడుదలవుతాయి. నా ప్రయోగశాల తరగతిని అందుకే బుధవారానికి మార్చుకున్నాను.