నవ్వని పెళ్లికూతురు: అరాకి ‘సెంటిమెంటల్ జర్నీ’

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. పుస్తకం కొంటే అందులోంచి ఒక్క ఫ్రేమన్నా పనికి రావాలనేది నా లెక్క. ఆ లెక్కకు లొంగని పుస్తకం ఇది. టోక్యోలో డెంట్సు అనే యాడ్ ఏజెన్సీలో పనిచేస్తూ జపాన్ ఫొటోగ్రాఫర్ నొబుయోషి అరాకి 1971లో సొంత డబ్బుతో వెయ్యి కాపీలు వేసుకున్న హనీమూన్ ఆల్బమ్. నేను తెప్పించింది 2016లో జపాన్‌లో మళ్లీ వేసిన ప్రతి. నెల్లూరు చేరేసరికి కొరియర్ వాళ్ల పుణ్యాన అట్ట మూల నలిగింది. లోపల ప్రింటు మాత్రం శుభ్రంగా ఉంది.

పెళ్లి ఫొటోతో మొదలవుతుంది. తర్వాత రైలు, క్యోటో, యనగావా, వీధులు, హోటల్ గది, మంచం. అన్నీ బ్లాక్ అండ్ వైటే, కింద ఒక్క మాట రాసి ఉండదు. మంచం మీది ఫొటోల్లో దాపరికమేమీ లేదు. కానీ బయట తోవను ఎట్లా తీశాడో భార్య ఒంటినీ అట్లాగే తీశాడు. ప్రత్యేకం లైటింగ్ లేదు, పోజు లేదు. శృంగారం క్యాలెండర్ బొమ్మ కాకుండా నిలబడింది అందువల్లే.

మైపాడు బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టి, డ్రోన్ ఎగరేసి, ‘ఇటు చూడమ్మా, కొంచెం నవ్వమ్మా’ అని గొంతు పోయేదాకా అరిచే పని నాది. ఈ పుస్తకంలో అరాకి భార్య యోకో రైలు సీట్లో ముఖం ముడుచుకుని కూర్చుంది. మా ఆవిడ నాలుగు పేజీలు తిప్పి, ‘ఏందయ్యా, ఈ పిల్లకు పెళ్లి ఇష్టమేనా?’ అనింది. నా దగ్గర జవాబు లేదు. పడవలో చాప మీద కాళ్లు ముడుచుకుని నిద్రపోయే ఫొటో ఒకటుంది. ఆ ఒక్కదానికి డబ్బు గిట్టుబాటయింది. 1990లో యోకో క్యాన్సర్‌తో పోయిందని తెలిశాక ఆ పేజీ తొందరగా తిప్పలేం.

అరాకిని నెత్తిన పెట్టుకోమని మాత్రం చెప్పను. ఏళ్లతరబడి ఆయనకు మోడల్‌గా చేసిన కావోరి, అగ్రిమెంటు లేకుండా, తన అనుమతి లేకుండా ఫొటోలు వాడాడని 2018లో బయటపెట్టింది. అది చదివాక ఆయన తర్వాతి పుస్తకాల మీద నాకు మనసు పోలేదు.

ధర ఎక్కువే, కస్టమ్స్ అదనం. స్టూడియో కౌంటర్ మీద పెట్టే పుస్తకం కాదు, పెళ్లివారు పారిపోతారు. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే 1991లో వచ్చిన ‘సెంటిమెంటల్ జర్నీ, వింటర్ జర్నీ’ వెతకండి. హనీమూన్ ఫొటోలు అందులో కొన్నే ఉంటాయి గానీ, యోకో చివరి రోజులు కూడా ఉంటాయి.